పడమటి దొంక

ఒక విమానం పైకి ఎగరడానికి నేనూ అనుమతి సంతకం పెట్టానంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. సైకిలు తొక్కడం కూడా రాని తాలూకా కచేరీ గుమాస్తాకు విమానంతో ఏం పని అంటారు. నవ్వుకోనీ. నేను మాత్రం విమానం చప్పుడు వినిపిస్తే ఈనాటికీ తలెత్తి చూడను.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త అది. యుద్ధంలో తర్ఫీదుకు వాడిన చిన్న విమానాలను సర్కారు అమ్మేస్తే, అలాంటిది ఒకటి కొనుక్కుని ఊరూరా విన్యాసాలు చూపిస్తూ తిరిగే పైలట్ ఒకతను నరసరావుపేట వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు. కచేరీలో ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడేవాణ్ణి నేనే కనక తాసిల్దారుగారు అతన్ని నాకు అప్పజెప్పారు. ఆ ఇంగ్లీషు చూసుకుని నాకు బాగా పొగరుండేది.

మొదటిరోజే అతను టైపు చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు.

"మిషనుకీ నాకూ పూచీ నేను పడతాను. నేలకీ జనానికీ పూచీ మీరు పడాలి. రెండు సంతకాలూ ఉంటేనే పైకి లేస్తాను" అన్నాడు.

ఆటలు చూపించుకు బతికేవాడు ఇంత పట్టుదలగా ఉండటం నాకు వింతగా తోచింది. పొద్దున్నే విమానం చుట్టూ తిరుగుతూ రెక్కల మధ్య తీగలను ఒక్కొక్కటే వేలితో మీటి చూసేవాడు. ఒకటి వదులుగా ఉందనిపిస్తే మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టేవాడు. పేట బయట బంజరు చూపిస్తే, నేల ఎలా ఉందో తెలియడానికి దాని మీద మోటారు కారును జోరుగా తోలి చూడాలన్నాడు. కారు ఎవరిస్తారు మాకు? జోడెడ్ల బండి తెప్పించాను. నీళ్ళు అంచుదాకా పోసిన బిందె ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుంటే ఈ చివరి నుంచి ఆ చివరికి ఎడ్లను పరుగెత్తించారు. నీళ్ళు చిందిన చోటల్లా వెనకే పరుగెత్తుతూ తలారి ఇంత సున్నం చల్లాడు. తర్వాత ఆ గుంటలన్నీ మట్టి పోసి గట్టిపరిచాం. నడుందాకా తడిసి బండి దిగిన నన్ను చూసి పైలట్ కడుపుబ్బ నవ్వాడు. ఏ ఊళ్ళోనూ ఎవరూ నేలను ఇంత బాగా పరీక్షించలేదన్నాడు.

ఆ తలారి బంజరు పక్క పల్లెవాడు. యాభై దాటిన మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేసి, చేశానని వచ్చి చెప్పి, తరవాతే బీడీ ముట్టించేవాడు.

కాగితం ప్రకారం జనమంతా ఉత్తరం పక్కనే, తాడు అవతలే ఉండాలి. వాళ్ళ నెత్తి మీదుగా విమానం పోకూడదు. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, ఆ రోజుల్లో వీచే తూర్పుగాలికి విమానం పడమటి నుంచి బాగా కిందుగా వస్తుంది. పడమటి చివర పొలాలకు పోయే దొంక ఒకటి బంజరును తాకుతూ పోతుంది. అక్కడ పురుగు కూడా ఉండకూడదన్నాడు పైలట్. దొంకకు అడ్డంగా తుమ్మకంప వేయించాను. ఇన్ని చేసినా కాగితంలో ఆఖరి షరతు ఇంకొకటి ఉంది. ఎగరడానికి గంట ముందు, సంతకం పెట్టే మనిషే స్వయంగా నాలుగు పక్కలా నడిచి చూడాలి.

"దిగేటప్పుడు విమానం ముక్కు నా కళ్ళకు అడ్డం వస్తుంది. ఎదురుగా ఏముందో సరిగా కనిపించదు. మీ సంతకాన్ని నమ్మి దిగుతాను" అన్నాడు. నేను గొప్పగా తలాడించాను.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. పేటలో దుకాణాలన్నీ మూసేసి వచ్చారు. మాచర్ల వైపు నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చారు. తూర్పు, ఉత్తరం, దక్షిణం తిరిగి చూశాను. పడమర ఒక్కటే మిగిలింది. అంతలో డేరాలోంచి తాసిల్దారుగారు, "రావయ్యా, సోడా తాగి పోదువుగాని" అని పిలిచారు. పెద్దమనుషుల మధ్య కుర్చీ వేయించారు. నాకు కుర్చీ వేయించడం అదే మొదలు. కూర్చున్నాను. కూర్చుని, పడమర తరవాత చూసొద్దాంలే అని, జేబులోంచి కాగితం తీసి సంతకం పెట్టేశాను.

అప్పుడు వచ్చాడు తలారి, రొప్పుకుంటూ.

"అయ్యా, పడమటి దొంక కాడ కంప లాగేసినారు. ఆడోళ్ళు పిల్లల్నేసుకొని కూకున్నారు."

"ఎందుకంట?"

"ఇమానం నెత్తి మీదగా పోతే పిల్లల జబ్బులు పోతాయంటయ్యా. సామి పల్లకీ కింద దూరినట్టేనంట."

ఆ మాట వినగానే నేను లేవాల్సింది. ఆ కాగితం రాసినవాళ్ళకు జనం విమానాన్ని చూసి బెదిరి పారిపోతారని తెలుసు, చూడటానికి తోసుకొస్తారని తెలుసు. చంటిపిల్లల్ని ఎత్తుకుని దాని కిందికే పరుగెత్తుతారని తెలియదు. నాకు తెలుసు. నాలుగేళ్ళప్పుడు నాకు మూర్ఛలొస్తే మా అమ్మ నన్ను కోటప్పకొండ తీసుకెళ్ళి, ఊరేగింపులో పల్లకీ కింద మూడుసార్లు దూర్పించింది. మోసేవాళ్ళ కాళ్ళు తొక్కుతాయని ఆమె ఒక్క క్షణం కూడా జంకలేదట.

"లేపి పంపించు" అన్నాను.

"నా మాట ఇనటల్లేదయ్యా. నా కూతురే ముందు కూకుంది. దాని బిడ్డకు నెల నుంచి జరం, చానా నీరసపడింది. మీరొచ్చి ఒక్క మాట గదిమితే లేస్తారు."

డేరాలో అందరూ మా వైపే చూస్తున్నారు. నా నోటికి దురదెక్కువ. అందులోనూ కుర్చీలో ఉన్నాను.

"కూతురికే చెప్పుకోలేనోడివి, నువ్వేం తలారివిరా" అన్నాను.

తాసిల్దారుగారు పకపకా నవ్వారు. పక్కనున్న షావుకార్లు నవ్వారు. తలారి కూడా కొంచెం నవ్వి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, వచ్చిన దారినే పడమటికి వెళ్ళిపోయాడు. నేను సోడా ఆఖరి చుక్కదాకా తాగాను.

పైలట్ వచ్చి, "నాలుగు పక్కలా నడిచారా?" అని అడిగాడు. నడిచానన్నాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పైన అతను చేసిన విన్యాసాలు నాకేం గుర్తు లేవు. జనం అరిచారు, అది గుర్తుంది. దిగడానికి పడమటికి తిరిగినప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఎవరైనా అడ్డం వస్తే ఊపడానికి ఎర్రజెండా నాకే ఇచ్చారు. పొద్దు వాలి ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే, దొంక దాటి బంజరు మధ్యకు వచ్చేశారు వాళ్ళు. పది మందికి పైనే. పిల్లల్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. తలారి ఒకళ్ళ తరవాత ఒకళ్ళను రెక్క పట్టుకుని లాగుతున్నాడు. నేను జెండా ఎత్తేసరికి విమానం వాళ్ళ దగ్గరికి వచ్చేసింది.

వాళ్ళను ఎలా చూశాడో చూశాడు. ముక్కు పైకెత్తాడు. అంత నెమ్మదిగా పోతున్న విమానం గాలిలో నిలవలేదు. ఒక రెక్క కిందికి వాలి, దక్షిణం వైపు మిరప కల్లంలో పడింది.

ఎండబెట్టిన మిరపకాయలు పెట్రోలు మంటకు అంటుకున్నాయి. ఆ ఘాటు పీల్చినవాళ్ళకు తెలుస్తుంది. ఇసుక బక్కెట్లు సిద్ధంగానే ఉన్నాయి, డాక్టరూ ఉన్నాడు. ఎవరూ కల్లం దగ్గరికి పోలేకపోయారు. ఇరవై అడుగులు వేయడం, దగ్గుతో కూలబడటం, వెనక్కి పాకడం. నేనూ అంతే. లోపల అతను కొంతసేపు బతికే ఉన్నాడని డాక్టరు తరవాత చెప్పాడు. పిల్లల్లో ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు.

పది రోజులకు మద్రాసు నుంచి విచారణ అధికారి వచ్చాడు. అతనికీ తెలుగు రాదు. వాఙ్మూలాలు ఇంగ్లీషులో చెప్పి రాయడానికి కచేరీలో మనిషి కావాలి. ఎవరున్నారు? నేనే ఉన్నాను. నా వాఙ్మూలం ముందే అయిపోయింది. నాలుగు పక్కలా నడిచి చూశాననీ, తరవాతే ఎవరో కంప తీసుంటారనీ చెప్పాను.

తలారిని పిలిచారు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు చేరిన సంగతి పైవాళ్ళకు చెప్పావా అని అధికారి అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"చెప్పా దొరా. అయ్యగారికే చెప్పా. కూతురికే చెప్పుకోలేనోడివి నువ్వేం తలారివి అన్నారు." ఆ మాటలో కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

తాసిల్దారుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఏమంటున్నాడు అని అధికారి నన్ను అడిగాడు. నా ఇంగ్లీషు ఆ రోజు కూడా తడబడలేదు.

"అక్కడ తన సొంత కూతురే ఉందట. ఆమెకే చెప్పుకోలేకపోయానంటున్నాడు" అన్నాను.

అధికారి తల పంకించాడు. అదే రాశాను. కింద గీత గీసి, కాగితం తలారి ముందుకు జరిపి, సిరా అద్దిన గుడ్డ పెట్టాను. అతను బొటనవేలు అద్దుకుని, ఆ రాతను కాసేపు చూశాడు.

"అంతా రాసినారా అయ్యా?"

"రాశాను" అన్నాను.

వేలిముద్ర వేసి, సిరా తలపాగాకు తుడుచుకుని, నాకు దండం పెట్టి వెళ్ళాడు.