గోబ్లిన్లకు పేర్లు పెట్టిన మా సుధీర్

నిన్న ఉదయం రూమ్మేట్ శ్రీజ ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను.

"ప్రత్యూషా, ప్లాంట్‌లో సుధీర్..." అని ఆగిపోయింది.

మిగతాది అడగలేదు. నా స్టాప్ రాకముందే దిగిపోయాను. ఎటు వెళ్ళాలో తెలియక మంచులో అలాగే నిలబడ్డాను.

సుధీర్ ఇక లేడు. ఇరవై నాలుగేళ్ళు.

వాడిది వరంగల్, నాది తెనాలి. కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకోడానికి ఒకే బ్యాచ్‌లో దిగాం. ఒకే ప్లాంట్‌లో పార్ట్‌టైమ్ దొరికింది. కార్లకు ప్లాస్టిక్ పార్ట్స్ చేసే చోటు.

ఆదివారం మధ్యాహ్నాలు సుధీర్ వాళ్ళు అద్దెకున్న బేస్‌మెంట్‌లో మాకు ఫాంటసీ గేమ్ ఆడించేవాడు. కంప్యూటర్ ఉండదు. పాచికలు, ఒక నోట్‌బుక్, వాడు చెప్పే కథ, అంతే. మేం నలుగురం వీరులం. రాక్షసులందరూ వాడే.

మొదటి వారమే గుహ గేటు దగ్గర ఒక గోబ్లిన్ ఎదురయ్యాడు. ఇలాంటి ఆటల్లో అందరికన్నా ముందొచ్చే చిన్న రాక్షసుడు. రెండు దెబ్బలకు చస్తాడు, పాయింట్లు వస్తాయి, ముందుకెళ్ళిపోతాం.

నేనే చంపాను. గొప్పగా చేతులు కూడా దులుపుకున్నాను.

సుధీర్ ఆట ఆపేశాడు. ఆ గోబ్లిన్ పేరు బుడ్డోడని, ఆ రోజే డ్యూటీలో చేరాడని, వాడికిచ్చిన కత్తికి పిడి కూడా లేదని చెప్పాడు. మేం నవ్వాం. వాడు నవ్వలేదు.

"వీన్ని సంపితే పది పాయింట్లు. మరి పిడి లేని కత్తి ఇచ్చి గేటు కాడ నిలవెట్టినోన్ని ఎవ్వరు అడుగరేంది?"

ఆ తర్వాత పేరు అడక్కుండా ఏ గోబ్లిన్ మీదా చెయ్యెత్తలేదు. ఒకసారి ఎలుకల గుంపు వస్తే శ్రీజ వాటి పేర్లు కూడా అడిగింది. పదకొండు ఎలుకలకీ తడుముకోకుండా చెప్పేశాడు. అందులో ఒకటి ప్రత్యూష.

రెండు వారాల క్రితం నాకొక ఫోటో పంపాడు. వాడు పనిచేసే మౌల్డింగ్ మెషిన్ తలుపు తెరిస్తే మెషిన్ ఆగిపోవాలి. అలా ఆపే సెన్సర్‌కి ఎవరో టేప్ చుట్టేశారు, ప్రొడక్షన్ ఆగకుండా.

సూపర్‌వైజర్‌కి చెప్పాడు. మర్నాడు కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు, కాపీ నాకు పంపాడు.

టేప్ తియ్యలేదు.

నిన్న లోపల పార్ట్ ఇరుక్కుంది. తియ్యమన్నారు. తలుపు తెరిచాడు. మెషిన్ ఆగలేదు.

ఆ సూపర్‌వైజర్ తెలుగువాడే. మాలాగే స్టూడెంట్‌గా వచ్చినవాడే. అందరం "అన్నా" అనే పిలిచేవాళ్ళం.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. సుధీర్ తొందరపడ్డాడని అందరం ఒకే మాట మీద ఉండాలట. ఫోటో డిలీట్ చెయ్యాలట. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"స్టడీ పర్మిట్‌లో ఉన్న గంటలకన్నా నువ్వూ ఎక్కువే పని చేశావు కదమ్మా. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను, అన్నా.

ఈ రోజు ఉదయం ప్రమాదం మీద విచారణకొచ్చిన లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుని ఫోటో ఇచ్చాను. సుధీర్ రాసిన కాగితం కాపీ ఇచ్చాను. నువ్వు ఫోన్‌లో అన్నవి ఒక్కటీ వదలకుండా చెప్పాను. నా ఎక్కువ గంటల సంగతి కూడా ముందుగా నేనే చెప్పేశాను.

ఇక నన్ను దేంతో భయపెడతావు?

వెనక్కి పంపిస్తే పంపించనీ. అక్కడినుంచే సాక్ష్యం చెప్తాను. తప్పు సుధీర్‌దని నువ్వు అన్న ప్రతిచోటా లేచి నిలబడతాను. నీకు కంటిమీద కునుకు ఉండకూడదు. కోపం చల్లారాక మాట మారుస్తానని ఆశపడకు.

మధ్యాహ్నం సుధీర్ వాళ్ళ అక్క వీడియో కాల్ చేసింది. అప్పటికి ఏడ్చి ఏడ్చి ఆగినట్టుంది. ఒక్కటే అడిగింది.

"తప్పు మా తమ్మునిదా?"

కాదక్కా అన్నాను.

"గదే అందరికి చెప్పు."

చెప్తున్నాను. అందుకే ఈ పోస్ట్.

సుధీర్, నీ తప్పేం లేదురా. నువ్వు ప్రశాంతంగా ఉండు.

నేను మాత్రం ఉండను.