చొక్కా కుట్టుకూలి, అదే ధర

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ధరలక్కను చూసి బజారులో ఎవరూ సంబరపడేవారు కాదు. కొనదు, బేరమాడదు. నెలకోసారి, రెండో మంగళవారం, భుజాన సంచీతో దిగి "ఇవాళ ఎంత?" అని మాత్రం అడుగుతుంది. ఆమె కనబడగానే సబ్బుల కొట్టాయన నెత్తి కొట్టుకునేవాడు.

"అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా! కొనేది లేదు పెట్టేది లేదు, నీకెందుకక్కా ఈ ధరలన్నీ?"

"నాక్కాదు నాయనా, దేశానికి కావాలి," అంటూ ఆమె సంచీలోంచి చిన్న త్రాసు తీసేది. ధర పెరగకుండానే సబ్బు పది గ్రాములు చిక్కిపోయిందని ఆ త్రాసు రెండుసార్లు పట్టేసింది. అప్పట్నుంచి ఆయనకు ఆ త్రాసంటే మంట.

ఇరవై రెండేళ్లుగా ఆమె ఉద్యోగం అదే. పద్నాలుగు కొట్లు, ఎనభై నాలుగు సరుకులు. ప్రతినెలా అదే కొట్టు, అదే రకం, అదే కొలత. సరుకు లేకపోతే లేదని రాయాలి తప్ప పక్క కొట్లో అడిగి నింపకూడదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారే, అలా ఊరూరా ఆమెలాంటివాళ్లు పట్టిన మెతుకులు రాజధానిలో ఒక ఆఫీసుకు చేరతాయి. అక్కడ ఈ నెల ధరను పాత ధరతో పోల్చి, జనం ఇళ్లలో దేనికెంత ఖర్చు పెడతారో చూసి దానికంత విలువ కట్టి, అన్నీ కలిపి ఒక్క అంకె తేలుస్తారు. జీతాలూ పెన్షన్లూ పెరిగేది ఆ అంకెను బట్టే. ధరలక్క రాసిందంటే తిరుగులేదని ఆఫీసులో పేరు. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది కూడా ఆ పేరే.

జాబితాలో డెబ్బై ఒకటోది మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా కుట్టుకూలి. అది సందు చివర ముసలి దర్జీ దగ్గర. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది, ఆయన ఆమెను అమ్మాయ్ అనేవాడు. తన చొక్కా దేశం లెక్కలోకి ఎక్కిందని ఆయనకు మహా గొప్ప. "రెడీమేడ్ కొట్లవాళ్లు ఎన్ని లైట్లు పెట్టుకుంటే ఏం? ప్రభుత్వం వచ్చి అడిగేది నన్ను!" అని పక్క కొట్టు చెప్పులాయన చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు.

కానీ మూడేళ్లుగా ధరలక్క ఆ గడప దాటలేదు. బయట నిలబడే "ఎంత బాబాయ్?" అనేది. "అదే ధరమ్మాయ్, మూడు వందల ఇరవై," అనేవాడు ఆయన. రాసుకుని వెళ్లిపోయేది. లోపల కొక్కేనికి ఆమె భర్త చొక్కా వేలాడుతోంది, నీలిగళ్లది. గుడ్డ ఇచ్చిన వారానికే ఆయన ఆసుపత్రికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. దాన్ని తెచ్చుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు. గుర్తుచేయడానికి ముసలాయనకు నోరు రాలేదు.

ఆ నెల ఆఫీసులో ఆమె పైఅధికారి కంప్యూటరు తెరను ఆమెవైపు తిప్పాడు. వయసులో చిన్నవాడు, ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"అక్కా, దారం పెరిగింది, కరెంటు పెరిగింది, ఆఖరికి సూది కూడా పెరిగింది. ఈ కుట్టుకూలి మూడేళ్లుగా ఇసుమంతైనా కదల్లేదేం?"

"ఆయన చెప్పిందే రాశాను."

"చెప్పింది కాదక్కా, జనం నిజంగా ఇచ్చింది రాయాలి. ఆ మాట నాకు నేర్పింది మీరే. పోయిన నెల ఎన్ని కుట్టాడో లోపలికెళ్లి చూశారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చూసి రండి. ఎవరూ కుట్టించుకోకపోతే ఆ కొట్టు తీసేద్దాం. శుక్రవారంలోగా చెప్పండి."

మర్నాడు ఆమె దర్జీ కొట్టు గడప దాటింది. చొక్కావైపు చూడకూడదనుకుంటూనే చూసింది. "పోయిన నెల ఎన్ని కుట్టావు బాబాయ్?"

"వస్తూనే ఉన్నారులే అమ్మాయ్," అంటూ ఆయన అటు తిరిగి మిషనుకు నూనె వేయసాగాడు.

కత్తెర పక్కన సుద్దముక్క అంచు కూడా అరగలేదు. సూది కింద పెట్టిన గుడ్డపేలిక ఎండకు వెలిసిపోయింది. ఆమె కొలతల పుస్తకం తీసింది. ఆయన ఇవ్వనూ లేదు, వద్దననూ లేదు. రాసి ఉన్న చివరి పేజీలో ఛాతీ నలభై, చేయి ఇరవై నాలుగు, మెడ పదిహేనున్నర. కింద మూడు వందల ఇరవై. పైన ఆమె భర్త పేరు. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే.

అయ్యో, మూడేళ్లుగా తాను దేశానికి పంపుతున్నది ఆ చొక్కా ధరేనా! ఒక్కసారి లోపలికి తొంగి చూసి ఉంటే ఎప్పుడో తెలిసేది. ఇరవై రెండేళ్ల పేరును చేతులారా బూడిదపాలు చేసుకుంది.

ముసలాయన తిరగకుండానే అడిగాడు. "నన్ను తీసేయమంటున్నారా?"

"ఇంకా ఏం అనుకోలేదు బాబాయ్."

"జనం రాకపోతే పోనీ. నువ్వు అడగడం మానకమ్మాయ్. రెండో మంగళవారం వస్తోందంటేనే ఈ మిషను తుడిచేది. ఆ ఒక్క రోజైనా ఇది కొట్టులా ఉంటుంది."

ఆమెకు రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. శుక్రవారం మాత్రం నిజమే రాసింది. మూడేళ్ల అంకెలు తప్పు, తప్పు నాది, ఆ కొట్టు తీసేయండి. అధికారి చదివి సంతకం పెట్టి పక్కన పెట్టాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. డెబ్బై ఒకటో గడి బస్టాండు దగ్గర వేరే దర్జీకి పోయింది.

ఆ సంగతి ముసలాయనకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. మరుసటి నెల రెండో మంగళవారం కాళ్లు వాటంతటవే ఆ సందులోకి తిరిగాయి. ఈసారి లోపలికి వెళ్లి స్టూలు మీద కూర్చుని, "ఎంత బాబాయ్?" అంది. "అదే ధరమ్మాయ్." ఫారం వెనక్కి తిప్పి ఖాళీలో రాసుకుంది. ఇలా నాలుగు నెలలు. ప్రాణం పోయినా దొంగలెక్క రాయననే మనిషి, ఆ ఒక్క కొట్లో మాత్రం కూర్చుని దొంగలెక్క రాస్తోంది.

ఐదో నెల ఆయన గడ్డం గీసుకుని, మెడలో టేపు వేసుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఈసారి మూడు వందల అరవై రాసుకో అమ్మాయ్. అన్నీ మండిపోతున్నాయి. నేనొక్కణ్ణే పాత ధర పట్టుకుని కూర్చుంటే నీ లెక్క తప్పుతుందేమోనని మొన్నంతా ఆలోచించా."

ఆమె రాసింది.

"పైకి పంపుతావుగా?"

"పంపుతాను బాబాయ్."

ఆయన తృప్తిగా తలూపి, కొక్కెంవైపు చేయి చూపించాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. "ఇది కొత్తగా వచ్చేవాళ్లకి. అల్లుడి చొక్కా మాత్రం పాత ధరకే. అప్పుడే మాటనుకున్నాం."

ధరలక్క కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది. ముసలాయన కంగారుపడి స్టూలు దగ్గరికి వచ్చాడు.

"ఎక్కువ చెప్పానా అమ్మాయ్? పోనీలే, కొట్టేయ్. అదే ధర రాసుకో."