వంటవాడి మీద అనుమానం

పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఆసిఫాబాద్‌లో మా మేనమామ కన్నుమూశారు. లెక్కల సారుగా ఆయన్ని ఎరిగిన మీకు తెలియని సంగతి ఒకటుంది. ఆయనకు తెలుగు నేర్పింది పండితులు కాదు, డిటెక్టివ్ నవలలు.

మామ చదువంతా ఉర్దూలోనే సాగింది. బడుల్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చినప్పుడు, తెలుగు పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం నిలుస్తుందన్నారు. ఇంట్లో అత్త, ముగ్గురు పిల్లలు. పాపం, రోజూ ఒక పాత కావ్యం ముందేసుకుని కూర్చునేవారు. రెండో పద్యానికే గురక వినిపించేది.

ఒకరోజు కాగజ్‌నగర్ స్టేషన్లో డిటెక్టివ్ నవల కొనుక్కొచ్చారు. తెలియని మాటలు అత్తను అడుగుతూ, అన్నం చల్లారిపోయినా లేవలేదు.

"పద్యం చదివితె నిద్రొస్తది, గిది చదివితె నిద్ర పోతది" అన్నారు.

వాళ్లింట్లోనే ఉండి చదువుకుంటున్న నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. బడిలో కావ్యపాఠమంటే నాకూ ఆవలింతలే. నేను మొద్దునేమో అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి మామ పక్కన చేరి నేనూ అవే చదివాను.

పరీక్షలో, వేటకు వెళ్లి దారి తప్పిన రాజును వర్ణించమన్నారట. మామ వర్ణించలేదు, విచారణ జరిపారు. రాజు దారి తప్పలేదు, తప్పించారు, మంత్రి మీదే అనుమానం అని రాసి వచ్చారు. పరీక్ష పెట్టిన పండితుడు పిలిపించి, మంత్రే ఎందుకని అడిగారట.

"అందరికన్న ముందు ఏడ్చింది ఆయనే గద సార్" అన్నారు మామ.

పండితుడు కడుపుబ్బ నవ్వి పాసు చేశారు.

నవలల్లో మాత్రం మామ అంచనా ఎప్పుడూ తప్పేది. ఏ పుస్తకమైనా అనుమానం వంటవాడి మీదే. "జర ఆగు బిడ్డా, నాకెరుకైంది. గా వంటోడే" అనేవారు.

"ఇంట్ల వండిపెట్టేది నేను. నా మీద గూడ అనుమానమేనా?" అనేది అత్త.

మామకు చూపు తగ్గాక నేనే చదివి వినిపించేదాన్ని. పోయే ముందు రోజు, ఆదివారం సాయంత్రం, ఇంకా కొన్ని పేజీలుండగా ఆపమన్నారు.

"వంటోడే. రేపు చూద్దాం" అన్నారు.

దినాలయ్యాక మిగిలిన పేజీలు చదివాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వంటింట్లోంచి అత్త అడిగింది.

"ఎవలటనే?"

"వంటోడే అత్తా. మామ గెలిచిండు."

అత్త గరిటె చేత్తోనే గడప దాకా వచ్చి, గోడకు నిలబెట్టిన మామ మంచాన్ని చూస్తూ నవ్వింది.