జానెడు చోటు

మా ఆయన పెద్దకర్మ అయిన వారానికి డోన్ నుంచి మెకానిక్ భాయ్ ఫోన్ చేశాడు. "కారు ఏం జేయమంటావమ్మా?" అన్నాడు. అప్పటికి నేను ఎవరేం చెబితే అది చేస్తున్నాను. తినమంటే తిన్నాను, సంతకం పెట్టమంటే పెట్టాను. ఏడవమని కూడా చెప్పారు. అదొక్కటే కుదరలేదు. వస్తున్నానని చెప్పి కర్నూలులో బస్సెక్కాను.

అది రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు. మా పెళ్లికంటే పాతది. హార్డ్‌వేర్ కొట్టు నడుపుకునేవాడికి ఇదేం సోకు అని అత్తగారి వైపు వాళ్లంతా నవ్వారు. ఎండాకాలం ఆదివారాల్లో ఇద్దరం అందులో బనగానపల్లె వెళ్లి మామిడిపళ్లు తెచ్చుకునేవాళ్లం. ఎత్తు వస్తే చాలు, కారు ఆయాసపడేది. పెద్ద ఇంజను వేయించాలని ఆయనకు పిచ్చి. చివరికి తుక్కుకు పోయే ఒక పెద్ద కారు ఇంజను బెంగళూరులో కొని, కారుతో పాటు భాయ్ షెడ్డులో పెట్టాడు. అంతే, ఏడు నెలలు పని కదల్లేదు. "కొనేదాకా నిద్రపోలేదు, కొన్నాక లేవడం లేదు" అని దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

షెడ్డులో కారుకు బానెట్ లేదు. పాత ఇంజను తీసేసిన చోట ఖాళీగా ఉంది. కొత్తది పక్కనే చెక్క దిమ్మెల మీద, గోనెపట్టా కింద. చూస్తే నాకేమీ అనిపించలేదు.

"బిగించెయ్ భాయ్" అన్నాను.

"పట్టదమ్మా. ఇది శానా పొడుగుండాది." ఇంజనుకూ సీట్లకూ మధ్య ఉన్న రేకు మీద చెయ్యి వేశాడు. "ఈ రేకు కోసి లోపలికి జరపాల. డ్రైవర్ పక్క పెడళ్లుండాయి, కోసేకి కాదు. ఎడమ పక్కనే కోయాల. సారు ఒప్పుకోలేదు. 'మా ఆమెకు కాళ్లు పొడుగు, చాపుకోకుంటే కూచోలేదు, ఇంకో దావ చూడు' అంటాండె. వచ్చినప్పుడల్లా అదే మాట. ఇంకో దావ యాడుండాది?"

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే కోసేయమంటావంట."

నిజమే, అనేదాన్ని.

ఎంత పోతుందని అడిగాను. భాయ్ వేళ్లు చాపి చూపించాడు. జానెడు.

ఎడమ తలుపు తీసి కూర్చున్నాను. చెప్పులు విడిచి కాళ్లు చాపాను. బొటనవేళ్లు ఎప్పటిలాగే ఆ రేకుకు తగిలాయి. నేను ఏడుస్తాననుకున్నాడేమో, భాయ్ బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని నేనూ చూశాను. రాలేదు. ఆయన మీద కోపం మాత్రం కొంచెం వచ్చింది, అదీ నిలవలేదు. చెప్పులు తొడుక్కుని దిగాను.

"కోసేయ్ భాయ్" అన్నాను. "ఇంగ తోలేది నేనే. ఈ పక్క ఎవరూ కూచోరు."