పెన్సిలుతో రాసిన జవాబులు

జూలై పద్నాలుగు, ఆదివారం. మా తమ్ముడు పోయి నేటికి పంతొమ్మిది రోజులు. కర్మలు పూర్తయ్యాయి. పలకరించడానికి వచ్చిన ప్రతివారూ "పాపం, మంచివాడే, కానీ నిలకడ లేదు" అని వెళ్ళారు. ఆ మాట వాళ్ళకి నేర్పింది నేనే. అందుకే రాస్తున్నాను.

వాడికి అరవై ఒకటి. చెన్నై వ్యాసర్పాడిలో మేం పెరిగిన రైల్వే క్వార్టర్సులో, పాలకి పంపిస్తే ఖాళీ గిన్నెతో, ఎవరింట్లోనో పిల్లి ఈనిందన్న వార్తతో తిరిగొచ్చేవాడు. తిరువొత్తియూరు ఫ్యాక్టరీల్లో తొమ్మిది ఉద్యోగాలు చేశాడు. ఏదీ రెండేళ్ళు నిలవలేదు. వీధిలో ఎవరి మిక్సీ ఆగినా వీడే విప్పేవాడు, బిగించేలోపు ఇంకొకరి ఫ్యాను దగ్గరికి పరుగెత్తేవాడు. "మీకందరికీ ఆకులో ఒకటైనాక ఒకటి వడ్డిస్తారక్కా. నాకు సాంబారు, పాయసం, మజ్జిగ అన్నీ ఒకేసారి పోస్తారు" అనేవాడు. "సోమరికి సాకులెక్కువ" అనేదాన్ని నేను.

నా భర్త మంచాన పడ్డ నెలల్లో రోజూ వచ్చి ఆయనకి గడ్డం గీసింది వాడే. ఒక్క రోజు మరవలేదు. ఆ సంగతి మాత్రం నేనెవరికీ చెప్పలేదు.

మూడేళ్ళ క్రితం, షోళింగనల్లూరులో పనిచేసే నా మనవరాలు వాణ్ణి ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్నతనం నుంచీ ధ్యాస నిలవని జబ్బుంటే పెద్దయ్యాక కూడా కనిపెట్టవచ్చట. దానికి రక్తపరీక్ష లేదు. చిన్నప్పుడు ఎలా ఉండేవారని వరసగా ప్రశ్నలున్న కాగితం ఇస్తారు. 'అస్సలు లేదు' నుంచి 'చాలా ఎక్కువ' దాకా ఎవరికి వారే టిక్కు పెట్టాలి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేను ముప్పైనాలుగేళ్ళు లెక్కల టీచరుని. ఏ దరఖాస్తయినా ముందు పెన్సిలుతో నింపి, నాకు చూపించి, ఆ తర్వాతే ఇంకు పెట్టాలి. ఆ వయసులోనూ వాడు ఆ పద్ధతి తప్పకుండా కాగితం నా దగ్గరికి తెచ్చాడు.

"ఇదేందిరా, అన్నిటికీ 'చాలా ఎక్కువ' అంట? పదోక్లాసు పాసయ్యావు గదా?"

"నువ్వు చెవి పట్టుకుని పక్కన కూసోబెడితే పాసయినానక్కా."

"పాసు పాసే. 'కొంచెం' పెట్టు. ఈడ చూడు, ఇంట్లో ఎప్పుడూ తిట్లు తినేవాడివంట. నాయన నిన్ను ఎప్పుడు తిట్టాడు?"

"నాయన యాడ తిట్టాడు? నీ వంతు అయినాక ఆయనకేం మిగిలింది?"

"అది తిట్టు కాదు, బుద్ధి చెప్పడం" అని రబ్బరు చేతికిచ్చాను.

"సరి, సరి, టీచరమ్మా" అని నవ్వుతూ చెరిపాడు.

పదమూడు జవాబులు మార్పించాను. ఇంటి పరువు అనుకున్నాను. కాగితం ఇవ్వడానికి వాడితో నేనూ వెళ్ళాను. డాక్టరు బడి రిపోర్టులు అడిగితే లేవన్నాను. ఒకటో తరగతి నుంచి అన్నీ నా బీరువాలో ఏడాది వరసన ఉన్నాయి. 'సగం ప్రశ్నలు వదిలేశాడు', 'పాఠం వినక కిటికీలోంచి చూస్తాడు' అని ఏటా అదే రాత.

మార్కులు కూడి, ఆ జబ్బు అనడానికి ఇవి చాలవన్నారు డాక్టరు. కాగితంలో ఉన్నవే ఆయన కూడారు. తప్పు ఆయనది కాదు. కాగితం మా చేతికి తిరిగిచ్చారు. ఆటోలో వాడు అన్నాడు: "జబ్బు లేదంటక్కా. అయితే నేనే చెడ్డోణ్ణి."

నేను కాగితం మడిచి నా సంచీలో పెట్టుకున్నాను. వాడు మళ్ళీ ఆ డాక్టరు గడప తొక్కలేదు. గత నెల తలలో నరం చిట్లి పోయాడు. రక్తపోటు మాత్రలు ముప్పైలో ఇరవైరెండు అలాగే మిగిలి ఉన్నాయి. ఆ కాగితమే వాణ్ణి చంపిందని అనను, రుజువు లేదు. కాదని కూడా అనలేను.

నిన్న మనవరాలు అలాంటి కాగితమే తన కోసం తెచ్చుకుంది. పెన్సిలుతో నింపి, "అవ్వా, ఒకసారి చూడు" అని నా ముందు పెట్టింది. చదవకుండా తిప్పి ఇచ్చేశాను.

ఇక జరగవలసినవి:

1. మనవరాలు ఆ కాగితాన్ని ఒంటరిగా కూర్చుని ఇంకుతో నింపాలి. నాకు చూపకూడదు.

2. దాని బడి రిపోర్టులు బీరువా రెండో అరలో ఉన్నాయి. ఒక్కటీ దాచకుండా డాక్టరుకివ్వాలి.

3. కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే 'లేదు' అనకూడదు. నన్ను పిలిపించాలి. వచ్చి చెబుతాను.

4. మా తమ్ముడి కాగితం కూడా పంపాలి. చెరిపిన చోట్ల పెన్సిలు నొక్కులు ఇంకా పోలేదు. గట్టిగా ఒత్తి పెట్టాడు. దీపం కింద కాస్త వంచి పట్టుకుంటే పదమూడూ కనిపిస్తాయి. ఈసారి వాటిని కూడమనాలి.