మోడెంలో వేసిన వంతులు

శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి మా వీధి చివరింటావిడ తెరిచిన ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో మోసుకుంటూ మా ఇంటికి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. మొహానికి పౌడరు రాసుకుంది. ఆవిడకి చేపల వ్యాపారం. మామూలుగా ఆ వేళకి మార్కెట్లోనే ఉంటుంది.

"అన్నయ్యగారూ, నెట్ రావట్లేదండి. మీ ఇంటికి దగ్గరగా వస్తే అందుద్దేమోనని తెచ్చేశాను," అంది మా ఆయనతో.

ఆయన పోయిన తర్వాత నాకు గుర్తొచ్చేవి పెద్ద విషయాలు కావు. ఇలాంటివే.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. మా బోదె, అంటే పిల్లకాలవ, కింద పొలాలన్నిటికీ నీళ్ళ వంతులు ఆయనే వేసేవారు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు తక్కువైతే, ఏ చేను ఏ పూట తడవాలో ఆయన చెప్పిందే మాట. బ్రాడ్‌బ్యాండ్ మా ఊరికి వచ్చిన కొత్తలో, వైరు లేకుండా చుట్టుపక్కల ఇళ్ళకి కూడా అందే మోడెం తెచ్చారు. వెనకింట్లో ఉండే మా బావగారు అడిగితే ఇచ్చారు, చివరింటావిడ అడిగితే ఇచ్చారు. ఆ తర్వాత పేపర్లో ఎవరో రాశారు, నెట్‌ని అలా తెరిచి వదిలేస్తే ముక్కూమొహం తెలియనివాళ్ళు కంప్యూటర్లోకి వచ్చేస్తారని. ఆ ఆదివారం ఇద్దరం మోడెం సెట్టింగుల పేజీ తెరిచి కూర్చున్నాం. నేను స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని కాబట్టి చదివే పని నాది, తీర్పు చెప్పే పని ఆయనది.

"ఫైర్‌వాల్‌కి లో, మీడియం, హై అని మూడున్నాయండి. ఏది పెట్టమంటారు?"

"హై పెట్టెయ్."

"హై పెడితే మనుషులు మాట్లాడుకునేవి కొన్ని పనిచెయ్యవని కింద రాశాడు."

"అయితే వద్దు. చివరింటి చెల్లెమ్మ కూతురితో మాట్లాడుకోవాలి కదా. మీడియం పెట్టు."

పాస్‌వర్డ్ అడిగితే మేం వేసే వరి రకం పేరూ, చేను సర్వే నంబరూ కలిపి చెప్పారు.

"అది ఊరందరికీ తెలుసు కదండీ."

"ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే ఏంటి? పేపర్లో రాసింది వీళ్ళ గురించి కాదుగా?"

అదే పెట్టాను.

తర్వాత ఇంకో పేజీ వచ్చింది. ఏ కంప్యూటర్‌కి ఏ వేళలో నెట్ వదలాలో అందులో రాసుకోవచ్చు. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఇవి వంతులేగా," అన్నారు. ఇక నన్ను లేవనివ్వలేదు. పొద్దుటి పూట మా బావగారికి, మధ్యాహ్నం మాకు, ఇలా మూడిళ్ళకీ వేశారు. శుక్రవారం నాలుగింటి నుంచి ఐదు దాకా మాత్రం చివరింటికి తప్ప ఎవరికీ లేదు. ఆవిడ కూతురు కువైట్‌లో నర్సు. హాస్టల్లో కంప్యూటర్ ఒక్కటే. మన లెక్కన శుక్రవారం నాలుగింటికి ఆ పిల్ల వంతు.

అందుకే, వంతులు వేశాక వచ్చిన ఆ మొదటి శుక్రవారం, ఆవిడ పట్టుచీర కట్టుకుంది. అంతకుముందు వారం కూతురికి జ్వరం. తగ్గిందని ఫోన్లో చెప్పింది. గొంతు విని నమ్మననీ, మొహం చూడాలనీ ఆవిడ పట్టు. మా కంప్యూటర్‌కి కెమెరా లేదు. ఆవిడ చేతిలో సెల్‌ఫోన్ రెండోసారి మోగి ఆగింది. కూతురి మిస్డ్ కాల్. అక్కడ కాచుకుని కూర్చుంది.

మా ఆయన పేజీ తెరిపించి అన్నీ మళ్ళీ చూశారు. పేరు సరిగానే ఉంది, వారం సరిగానే ఉంది, వేళ సరిగానే ఉంది.

"కాలవ చివరి చేనుకల్లే నాకూ శివారు వంతు వేసేశారా ఏంటండి? చేను ఎండిపోయాక వస్తాది," అంది ఆవిడ.

అప్పుడు చూశాను, పేజీ పైన మూలగా ఒక గడియారం.

"ఏవండీ, దీనికింకా పొద్దున్న పదీ యాభయ్యే."

మోడెం ఏదో పైదేశపు టైములో నడుస్తోంది. ఆ వారం మాకు మధ్యాహ్నం నెట్ రాకపోతే కంపెనీవాళ్ళ తప్పనుకున్నాం. ఆయన మా గోడ గడియారం చూసి వంతులు వేశారు. అది తెలిసి నవ్వారు.

"కాలవ కాసే లస్కరు దగ్గర గడియారం ఉందో లేదో చూడకుండా తూము తియ్యమన్నానన్నమాట."

"టైము సరిచెయ్యమంటారా?"

"దాంతో కుస్తీపడుతూ కూర్చుంటే ఆ పిల్ల వంతు దాటిపోద్ది. అన్నీ తీసెయ్."

"ఫైర్‌వాల్ కూడానా?"

"అదెందుకు? బయటి గోడ ఉండనీ. లోపల మనకి మనం కట్టుకున్న గట్లన్నీ కొట్టెయ్."

కొట్టేశాను. మోడెం దీపాలు ఆరి, మళ్ళీ వెలిగాయి. కాసేపటికి ల్యాప్‌టాప్‌లో ఆ పిల్ల మొహం కనిపించింది.

"ఏమ్మా, పట్టుచీరేంటి, పెళ్ళికెళ్తన్నావా?"

"నీ మొగం కనపడనీ ముందు. చిక్కిపోయావే."

"నేనేం చిక్కలేదు. నువ్వు కొంచెం వెనక్కి జరుగు, నీ నుదురొక్కటే కనపడతంది."

"నాలిక చూపించు."

"అమ్మా, నర్సుని నేనా, నువ్వా?"

"చూపించమన్నానా?"

చూపించింది. అలాగే బొమ్మ నిలిచిపోయింది, నాలిక బయటపెట్టి. వంతులు తీసేశాం కదా, వెనకింట్లో బావగారు ఏదో దించుకుంటున్నారు. మా ఆయన పెరటి గోడ దగ్గరికి వెళ్ళి కేకేశారు.

"అన్నయ్యా, కాసేపు నెట్ కట్టెయ్యి. చివరింటి పిల్ల మాట్లాడుతోంది."

"ముందే చెప్పొచ్చుగా. కట్టేశాను, మాట్లాడుకోమను," అని అటునుంచి మాట వచ్చింది.

బొమ్మ కదిలింది. ఆ పిల్ల నాలిక లోపలికి పెట్టుకుంది. తల్లి నావైపు తిరిగి, "తగ్గిందండి వదినగారూ, నిజంగానే తగ్గింది," అంది. ఐదు దాకా వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో మేం వినలేదు. నవ్వులు మాత్రం వంటింట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన నాకు టీ పెట్టి ఇచ్చారు. పంచదార ఎక్కువైంది. అలాగే తాగేశాను.

మర్నాడు మోడెం టైము సరిచేశాను. మళ్ళీ వంతులు వేద్దామా అని అడిగితే వద్దన్నారు. "శివారుకి నీళ్ళెళ్ళాలని ఎగువ చేలవాళ్ళకే అనిపిస్తే, ఇంక వంతులెందుకు?" అన్నారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నాలుగవుతూనే మా బావగారు తనంతట తానే నెట్ ఆపేసేవారు, మేమూ ఆపేవాళ్ళం. తర్వాత మా మోడెం నుంచి నెట్ తీసుకున్న ఇళ్ళవాళ్ళు కూడా, ఎవరూ చెప్పకుండానే, అలాగే చేశారు.

ఆ పిల్ల కువైట్ నుంచి వచ్చేసి, ఇప్పుడు భీమవరంలో పనిచేస్తోంది. రోజూ సాయంత్రానికి తల్లి దగ్గరికి వచ్చేస్తుంది. అందరి ఫోన్లలోనూ ఎవరి నెట్ వాళ్ళకి ఉంది. ఒకరి పిల్ల మొహం కనిపించడం కోసం మా వీధిలో ఇంకొకరు నెట్ ఆపడం ఇప్పుడు లేదు.