శౌరప్ప ఫాదర్ ఆకలి

మా శౌరప్ప ఫాదర్‌కు ఒకటే జబ్బు, ఆకలి. ఎవరి గడప తొక్కినా ఆయన నోట ముందు దేవుని మాట రాదు. "ఏం వండినావమ్మా?" అనే మాటే వస్తుంది.

బేతంచెర్ల బండల గనుల పక్కనున్న మా చర్చికి పునీత విన్సెంట్ డి పాల్ పేరు. బీదసాదలకు అన్నం పెట్టిన పుణ్యాత్ముడాయన. "ఆయప్ప బీదోళ్ళకు పెట్టె, నేను బీదోళ్ళ దగ్గర తినబడ్తి. ఇద్దరమూ వాళ్ళ తావే ఉండాంలే" అని నవ్వుతాడు ఫాదర్. నేను ఆ చర్చిలో జపాలు నేర్పే ఉపదేశిని, ఆయన బండి వెనక కూర్చుని ఊళ్ళన్నీ తిరుగుతుంటాను. ఆ బండి చప్పుడు వినబడితే చాలు, గంజి కుండల మీద మూతలు పడతాయి.

"ఈయప్పది కడుపా, బండల గనా? ఎంత పోసినా నిండదు" అంటుంది గని కూలోళ్ళ వీధిలోని భీమక్క.

విడ్డూరమేమంటే, షావుకార్ల పెళ్ళిళ్ళలో మాత్రం ఆయనకు ఆకలే ఉండదు. బిర్యానీ ముందు కూర్చోబెట్టినా మజ్జిగ తాగి లేస్తాడు.

పోయిన ఎండాకాలం గనిలో బండ విరిగిపడి ఓబుళేశు పోయాడు. దుప్పట్లో మూటగట్టి తెచ్చారు, ముఖం చూపించలేదు. కొన్నాళ్ళు ఇరుగుపొరుగు అన్నం తెచ్చిపెట్టి, తర్వాత ఎవరి కూలికి వాళ్ళు పోయారు. ఓబుళేశు భార్య సిద్దమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. పొయ్యిలో బూడిద చల్లారింది. పిల్లలిద్దరూ పక్కింటి భీమక్క గడపలో కూర్చుని, ఎవరు తింటున్నా వాళ్ళ చేతివైపే చూసేవారు.

"ఇది గూడా మొగుని ఎనకే పోయేటట్టుండాది" అంది భీమక్క నాతో.

ఫాదర్‌ను పిలుచుకుని పోయాను. నాలుగు ఓదార్పు మాటలు చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి, "సిద్దమ్మా, శానా ఆకలైతాండాది. ఏం వండినావు?" అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పొయ్యి ఎలగలేదు సామీ" అంది ఆమె, గోడతో.

"అయితే ఎలిగించు. ఈ ఎండలో నేనింక యాడికి పోవల్ల?"

భీమక్క వీధిలోంచి అరిచింది. "సచ్చినోళ్ళింట్లో సంగటి అడుగుతాడే! దయ్యమేమన్నా పట్టిందా సామీ నీ కడుపుకి?"

"పట్టిండాది భీమక్కా. తిట్టేదేదో నేను తిన్నాక తిట్టు."

సిద్దమ్మ లేచింది, కోపంతో. పుల్లలు పుటుక్కున విరిచి పొయ్యిలో కుక్కింది. కళ్ళు తుడుచుకుంది. పొగకే అనుకున్నాం. సంగటి కెలికి ఆయన ముందు వేసింది. ఫాదర్ ఒక ముద్ద మింగి, "ఉప్పు లేదు" అన్నాడు. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి ధనామని పెట్టింది.

"ఒక్కణ్ణే తింటే నాకు ఎక్కిళ్ళొస్తాయి. పిల్లోళ్ళను పిలువు."

పిల్లలు వచ్చి ఆవురావురుమని తిన్నారు. వాళ్ళను చూస్తూ చూస్తూ సిద్దమ్మ కుండ అడుగు గోకి తనూ నోట్లో పెట్టుకుంది.

తిరిగి వస్తూ ఊరి బయట తుమ్మచెట్టు కింద బండి ఆపి, ఫాదర్ తిన్నదంతా కక్కాడు. ఆయన కడుపులో పుండుందట. పెరుగన్నం తప్ప ఏమీ తినొద్దని డాక్టరు చెప్పాడట.

"మరి ఎందుకు ఫాదర్ ఈ తిండి?"

"ఓదార్చేదానికి నాకు మాటలు రావు ఉపదేశీ. ఆకలైతాండాదని చెప్పేదొకటే వచ్చు." నోరు పుక్కిలించి బండి ఎక్కాడు. "రేపు గూడా పోవల్ల. ఉప్పేస్తాదేమో చూడల్ల."

క్రిస్మస్‌కు ముందు, మైదుకూరులో ఆయన్ను పెంచిన అక్క పోయింది. మట్టి చేసి వచ్చి ఫాదర్ గదిలో పడుకున్నాడు. వంటిల్లు తెరవలేదు. నేను చదివిన ఓదార్పు వాక్యాలన్నీ మూసిన తలుపుకు తగిలి కిందపడ్డాయి.

మరుసటి దినం సిద్దమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. నన్ను పక్కకు జరిపి తలుపు తట్టింది.

"సామీ, మాకు శానా ఆకలైతాండాది. ఏం వండినావు?"

లోపల మంచం కిర్రుమంది.

"పొయ్యి ఎలగలేదు సిద్దమ్మా."

"అయితే ఎలిగించు. మేమింక యాడికి పోవల్ల?"

తలుపు తెరుచుకుంది. ఫాదర్ కెలికిన సంగటి సగం పచ్చిపిండి, సగం గడ్డ. సిద్దమ్మ ఒక ముద్ద ఎలాగో మింగి, నీళ్ళు తాగింది.

"ఉప్పు లేదు" అంది.

ఫాదర్ ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు ధనామని పెట్టి, తనకూ ఒక గిన్నె తెచ్చుకున్నాడు.